విజయగీతములో కుమార్తెల స్థానము

ఒక విద్యాపీఠమునకు గీతమనునది ఏర్పడి, తరతరముల విద్యార్థులు దానిని క్రీడాప్రాంగణములలోను, స్నాతకోత్సవములలోను, చిరకాలమునకు కలిసికొనిన మిత్రబృందములలోను పాడుకొనుచు వచ్చిన పిమ్మట, అది కాగితముమీది రచనగా మాత్రమే నిలువక, ఆ సమాజముయొక్క సమష్టిస్మృతిగా పరిణమించును. అట్టి గీతములో ఒక్క పదమును కదలింపబూనినప్పుడు కొందరికి అది ఆలస్యముగా దక్కిన న్యాయముగను, మరికొందరికి అది పూర్వుల సొత్తుపై చేయివేయుటగను తోచుటలో వింత యేమియు లేదు. అమెరికాలోని కతోలిక విశ్వవిద్యాలయములలో మిక్కిలి ప్రసిద్ధి గాంచిన నోటర్ డేమ్‌లో 'విక్టరీ మార్చ్' అను విజయగీతమునందు 'కుమారులు' అను మాటకు తోడుగా 'కుమార్తెలు' అను మాట చేరిన సందర్భమున ఈ రెండు భావములును ఎదురెదురుగా నిలిచినవి. ఈ ప్రశ్న ఆ ఒక్క విద్యాపీఠముతో ముగియునది కాదు. దీని వెనుక కతోలిక శ్రీసభలో అర్ధశతాబ్దికి పైగా సాగుచున్న భాషావివాదమును, పలుదేశముల జాతీయగీతముల సంస్కరణలును కలవు. వీనినన్నిటిని ఒకచోట చేర్చి, ఉభయపక్షముల వాదములను వాని నిజమైన బలముతో పరిశీలించి, న్యాయమెటనున్నదో నిర్ణయింప యత్నించుట ఈ వ్యాసమున ఉద్దిష్టము.

ముందుగా గీతచరిత్రము. ఫ్రాన్సునుండి వచ్చిన ఎడ్వర్డ్ సోరిన్ అను గురువు, పవిత్ర సిలువ సభకు చెందినవాడు, 1842లో ఇండియానా రాష్ట్రమున సరస్సుల చెంత ఈ విద్యాలయమును స్థాపించి మరియమాత పేరిట అంకితము చేసెను. ప్రధాన భవనపు బంగారు గోపురముపై నేటికిని నిలిచియున్నది ఆ తల్లి విగ్రహమే. ఆ నీడన చదివి పట్టభద్రులైన మైకేల్ షే, జాన్ షే అను అన్నదమ్ములు 1908లో ఈ గీతమును కూర్చిరి. స్వరము మైకేలుది, సాహిత్యము జానుది. మైకేలు తరువాత గురుపట్టమును స్వీకరించెను. మసాచుసెట్స్ రాష్ట్రమున హోలియోక్ పట్టణములోని యొక ప్రొటెస్టెంటు దేవాలయపు ఆర్గనుపై మొదట వినబడిన ఈ స్వరము, 1909లో ఈస్టరు ఆదివారమున ప్రధాన భవనపు గోపురము క్రింది వలయశాలలో విశ్వవిద్యాలయమువారి యెదుట ప్రప్రథమముగా మ్రోగినది. క్రీడారంగమున కది చేరుటకు మరి పదియేండ్లు పట్టెను. విశ్వవిద్యాలయమును తల్లిగా భావించి, ఆమెయందు విశ్వాసముగల కుమారులు ముందునకు నడచుచుండగా జయము తథ్యమని చెప్పుట ఆ పల్లవియొక్క సారము. ఆనాడు అచ్చట పట్టమునకు చదువుచున్నవారందరును పురుషులే గనుక, ఆ మాట వ్రాసిన కవికి స్త్రీలను వెలివేయవలెనను సంకల్పముండెనని నిందించుట అన్యాయము. ఆయన తన కన్నులకు కనబడిన దానినే వ్రాసెను. ఆ మాట ఆ కాలమునకు సత్యము.

కాలము మారిన క్రమమును తెలిసికొనినగాని వివాదముయొక్క లోతు తెలియదు. నోటర్ డేమ్‌కు బాట కావలి ప్రక్కన, పవిత్ర సిలువ సభా సోదరీమణులు 1844లో స్థాపించిన సెయింట్ మేరీస్ కళాశాల స్త్రీలకొరకు ప్రత్యేకముగా నడచుచుండెను. వేసవి తరగతులకు వచ్చి పట్టములు పొందిన సన్యాసినులు నోటర్ డేమ్‌కు బహుకాలముగా పరిచితులే. అయినను సాధారణ పట్టవిద్యకు అచ్చట స్త్రీలకు ప్రవేశము లేకుండెను. థియొడోర్ హెస్బర్గ్ అధ్యక్షుడుగా నున్న కాలమున, ఆ రెండు విద్యాలయములను ఏకము చేయవలెనను ప్రయత్నము 1971లో తలయెత్తి విఫలము కాగా, 1972లో నోటర్ డేమ్ తన తలుపులను తానే తెరచి 365 మంది విద్యార్థినులను చేర్చుకొనెను. అదే సంవత్సరము జూన్ 23న, ప్రభుత్వధనము పొందు విద్యాసంస్థలలో లింగమును బట్టి వివక్ష చూపరాదని శాసించు 'టైటిల్ నైన్' అను ప్రకరణము అమెరికాలో చట్టమయ్యెను. ఆ చట్టపు ఫలితము తరగతిగదులలోకంటె క్రీడారంగమున మరింత ప్రస్ఫుటముగా కనబడినదని చెప్పిన అతిశయోక్తి కానేరదు.

ఈ మాటకు నోటర్ డేమ్ చరిత్రమే సాక్ష్యము. స్త్రీల ఫుట్‌బాలు జట్టు 1995, 2004, 2010 సంవత్సరములలో జాతీయ విజేతగా నిలిచెను. స్త్రీల బాస్కెట్‌బాలు జట్టు మఫెట్ మగ్రా శిక్షణలో 2001లోను, 2018లోను ఆ ఘనతనే సాధించెను. వీనిలో 2018 నాటి తుదిపోటీని కొంత దగ్గరనుండి చూడవలెను. అది ఏప్రిల్ 1, ఈస్టరు ఆదివారము. స్థలము ఒహైయో రాష్ట్రములోని కొలంబస్. మిసిసిపీ స్టేట్ జట్టుకు ఒక దశలో 15 పాయింట్లు వెనుకబడిన నోటర్ డేమ్ యువతులు క్రమక్రమముగా పుంజుకొని సమానులైరి. ఆట ముగియనున్న తుది క్షణములలో అరికె ఒగున్‌బొవాలె అను క్రీడాకారిణి, కాలు నిలద్రొక్కుకొనుటకైనను వ్యవధి లేక, కుడిమూలనుండి ఒరగుచునే విసరిన బంతి వలయమున పడెను. గడియారమున సెకనులో పదవవంతు మాత్రమే మిగిలెను. 61–58 తో జయము నోటర్ డేమ్‌ది. ఆ గీతము విశ్వవిద్యాలయమువారి చెవిని మొదట సోకినదియు ఈస్టరు ఆదివారమే యని పైన చెప్పితిని. నూటతొమ్మిది సంవత్సరముల పిమ్మట మరియొక ఈస్టరునాడు ఆ తల్లికి విజయమును గెలిచి తెచ్చినవారు ఆమె కుమార్తెలు. కాని ఆ జయమును చాటవలసిన గీతముయొక్క అధికారపాఠములో వారి ప్రసక్తియే లేదు. ఈ వైరుధ్యమును గ్రహించినవానికి సంస్కరణపక్షముయొక్క ఆవేదన యెంతటిదో వేరుగ వివరింప నక్కరలేదు.

స్త్రీల ప్రవేశమునకు ఏబదియేండ్లు నిండిన 2022లో విశ్వవిద్యాలయము పాఠమును మార్చెను. చేసిన పనిలోని నైపుణ్యమును గుర్తింపకుండుట తగదు. ఆ పాదములో 'సన్స్' అను మాటకు పిమ్మట నడకను తెలుపు క్రియ యుండెను. దానిని అచ్చటినుండి తొలగించి, ఖాళీయైన స్థానమున 'అండ్ డాటర్స్' అను మాటలను నిలిపి, తొలగించిన క్రియను కుదించి తరువాతి పాదమున మొదటికి చేర్చిరి. మొదటి ఖండమున పూర్వమెన్ని అక్షరములో నేడును అన్నియే. రెండవ ఖండమునను అంతే. స్వరములో ఒక్క చుక్కను కదలింపవలసిన పని పడలేదు. వాద్యబృందమువారు తమ పత్రములను మార్చుకొననక్కరలేదు. పూర్వవిద్యార్థి పాతపాఠమును, అతని ప్రక్కన మనుమరాలు క్రొత్తపాఠమును పాడినను, ఇరువురును ఒకే క్షణమున జయమను మాటకు చేరుదురు. ఇట్టి సంస్కరణ వలన ఛందస్సు చెడునను ఆక్షేపణ ఇచ్చట నిలువదు.

ఇక సంప్రదాయపక్షపు వాదములు. వీనిని మూఢత్వమని త్రోసివేయుట విమర్శకుని ధర్మము కాదు. మొదటిది గ్రంథకర్త హక్కును గూర్చినది: మరణించిన కవి అనుమతింపజాలడు గనుక ఆతని మాటను దిద్దు నధికారము మన కెక్కడిదని వారి ప్రశ్న. కావ్యమునకు ఈ న్యాయము సర్వథా చెల్లును. ఏ మహాకవి గ్రంథమునైనను నేటి యభిరుచికి అనుకూలముగా దిద్దబూనుట అపచారమే. కాని కావ్యమును పఠించువాడు కవి చెప్పినదానిని వినుచున్నాడు. విద్యాపీఠగీతమును పాడువాడు తన మాటగా తానే చెప్పుచున్నాడు. కవి ఆ రచనను సమాజమునకు అర్పించిన నాడే అది ఆ సమాజముయొక్క ప్రతిజ్ఞ యైనది. ప్రతిజ్ఞ చేయువారెవరో ఆ ప్రతిజ్ఞలో ఉండవలెను. మూలపాఠము గ్రంథాలయమున భద్రముగ నుండునుగాక. చరిత్రమును చెరపుమని యెవరును కోరుటలేదు.

రెండవ వాదము అర్థమును గూర్చినది. 'కుమారులు' అను మాట సర్వులకును వర్తించునని వారందురు. ఈ వాదమునకు కతోలిక సంప్రదాయములో గంభీరమైన ఆధారము కలదు. పౌలు గలతీయులకు వ్రాసిన లేఖ మూడవ అధ్యాయమున, విశ్వాసులందరును క్రీస్తునందు దేవుని పుత్రులని చెప్పుచు, ఆ వెంటనే స్త్రీపురుష భేదము లేదని ప్రకటించుచున్నాడు. అనగా వారసత్వహక్కు పుత్రునికే చెందు నాటి లోకములో స్త్రీకిని ఆ పుత్రస్థానమునే ఇచ్చుచున్నాడు. అచ్చట ఆ పదమును మార్చినచో భావమే సన్నగిల్లునని వేదాంతులు వాదించుట సహేతుకము. కాని విజయగీతమున అట్టి సిద్ధాంతభారము లేదు. అచ్చటి మాట వట్టి లోకవ్యవహారమునకు చెందినది. లోకవ్యవహారమున, కుమార్తెలు పుట్టిన పిమ్మటగూడ బంధువులకు వ్రాయు జాబులలో 'కుమారులందరును క్షేమము' అని మాత్రమే వ్రాయు తల్లిని చూచి ఆ కుమార్తెలు నొచ్చుకొందురేగాని, ఆ మాటలో తామును ఇమిడియున్నామని సంతసింపరు.

మూడవ వాదము స్త్రీలనుండియే వచ్చునది గనుక మరింత శ్రద్ధతో వినదగినది. ఆ గీతమును ఉన్నదున్నట్లుగ పాడుచు పెరిగితిమి, ఆ మాటవలన మేమెన్నడును కించపడలేదు, మా స్థానమును మేము మా కృషిచేతనే సంపాదించితిమిగాని పదముల దయచేత కాదు అని చెప్పు పూర్వవిద్యార్థినులు లేకపోలేదు. వారి ఆత్మగౌరవము వందనీయము. అయినను ఒకరు నొప్పి నెరుగకుండుట మరియొకరికి నొప్పి లేదనుటకు ప్రమాణము కాజాలదు. మరియు వారి కృషియే ఆ మాటను గీతములో చేర్చుటకు హక్కును సంపాదించి పెట్టినది గనుక, వారి వాదము నిజమునకు సంస్కరణకే తోడ్పడుచున్నది.

నాలుగవది భయమునుండి పుట్టినది: నేడు గీతము, రేపు ప్రార్థన, ఎల్లుండి విశ్వాసప్రమాణము మారునని. ఈ భయమునకు చారిత్రకకారణములు కలవు. లాటిను ప్రార్థనలను దేశభాషలలోనికి తెచ్చు సందర్భమున 1969లో రోమునుండి వెలువడిన సూత్రములు అనువాదకులకు విశేషమైన స్వేచ్ఛ నిచ్చినవి. 1990లో అమెరికా పీఠాధిపతులు ఆరాధనలో చదువు బైబిలుపాఠములయందు స్త్రీపురుషులకు ఉభయులకును వర్తించు భాషను ఎంతవరకు వాడవచ్చునో నిర్ణయించు ప్రమాణములను ప్రకటించిరి. 1992లో ఫ్రెంచిలో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథము ఆంగ్లమున 1994 వరకు రాకపోవుటకు ఈ వివాదమే ముఖ్యకారణము. ఉభయులకును వర్తించు భాషలో సిద్ధమైన అనువాదమును రోము అంగీకరింపక తిరిగి వ్రాయించెను. 2001లో వచ్చిన 'లితుర్జియామ్ అవుతెంతికామ్' అను ఆదేశము లాటినుమూలమునకు మరింత దగ్గరగ నుండవలెనని విధించెను. తదనుసారముగ 2011లో ఆంగ్లపూజాగ్రంథము క్రొత్తరూపు దాల్చెను. అందు విశ్వాసప్రమాణమున 'మెన్' అను మాట పూర్వమువలెనే నిలిచినది. లాటినుమూలములోని పదము మనుష్యులందరిని చెప్పునదైనను, ఆంగ్లమున అది పురుషులను మాత్రమే స్ఫురింపజేయుచున్నదని విచారించువారు నేటికిని కలరు.

అయితే ఈ చరిత్రములోనే మరియొక ముఖమును కలదు. దివ్యబలిపూజలో పాత్రను ఎత్తి గురువు పలుకు పరమపవిత్రవాక్యములలో, అమెరికాలో వాడుకలోనున్న ఆంగ్లపాఠమున రక్తము 'మెన్' అందరికొరకు చిందింపబడునని యుండగా, 1981లో రోము అనుమతితో ఆ 'మెన్' అను మాటను తొలగించిరి. లాటినుమూలములో అట్టి పదమే లేకుండుట దానికి తోడైనది. 2011 గ్రంథములోనే, జనులను ప్రార్థనకు పిలుచుచోట 'సహోదరులారా' అను పాతమాట ప్రక్కన సహోదరీమణులను గూడ చేర్చి పిలుచుటకు వీలు కల్పింపబడినది. మన తెలుగు దేవాలయములలో ఉపదేశమునకు నిలిచిన గురువు 'ప్రియమైన సహోదరీ సహోదరులారా' అని సంబోధించుట మనకు విన్నమాటయే. దానివలన సిద్ధాంతమునకు భంగము కలిగినదని యెవరును తలపలేదు. పూజాపీఠమున, పరమపవిత్రమైన తావున గూడ, సత్యము కోరినప్పుడు శ్రీసభ మాటను దిద్దుకొనగలిగినప్పుడు, క్రీడారంగమున పాడు గీతము అంతకంటె అస్పృశ్యమనుట హాస్యాస్పదము. ఇంతకును విశ్వాసప్రమాణము విశ్వశ్రీసభది, దానిని మార్చు నధికారము ఏ విద్యాలయమునకును లేదు. గీతము విద్యాలయముది, దానిని సంరక్షించు బాధ్యతయు, సవరించు నధికారమును దానివే. ఈ రెండింటి నడుమ గట్టి సరిహద్దు కలదు గనుక, ఒకటి మారిన రెండవది కొట్టుకొనిపోవునని భయపడనక్కరలేదు.

ఇతర విద్యాపీఠముల అనుభవమును చూతము. యేసుసభవారి బోస్టన్ కళాశాలకు 1885లో హర్లీ కూర్చిన క్రీడాగీతములో పౌరుషమును కొనియాడు మాట యొకటి యుండగా, దాని తావున అందరును ఒక్కటేయను భావమును నిలిపిరి. జార్జిటౌన్‌లో రాబర్ట్ కొలియర్ 1894లో వ్రాసిన మాతృవిద్యాలయ గీతము తన కుమారులను పిలుచుచు ఆరంభమగుచుండెను. నేడది విద్యాలయమునకే జోహారు చెప్పుచు ఆరంభమగుచున్నది. కతోలికేతర విద్యాలయములలో ప్రిన్స్‌టన్ 1987లోను, హార్వర్డ్ 1998లోను తమ పురాతన గీతములనుండి 'కుమారులు' అను పదమును తొలగించినవి. హార్వర్డు గీతము 1836 నాటిది. జాతీయగీతములలో ఆస్ట్రేలియా గీతము 1984లో అధికారముద్ర పొందునప్పుడే ప్రారంభములోని కుమారులకు బదులు దేశీయులందరిని పిలిచెను. ఆస్ట్రియా గీతములో 2012 జనవరి 1 నుండి కుమారులతోపాటు కుమార్తెలును చేరిరి. చిత్రమేమనగా 1947లో స్వీకరింపబడిన ఆ గీతమును వ్రాసినది పౌలా ప్రెరదోవిచ్ అను కవయిత్రియే. కెనడా గీతముయొక్క ఆంగ్లపాఠము మరింత బోధకరము. 1908లో, అనగా షే సోదరులు తమ గీతమును కూర్చిన సంవత్సరముననే, రాబర్ట్ స్టాన్లీ వియర్ వ్రాసిన మొదటిపాఠములో 'కుమారులు' అను మాటయే లేదు. అది కొన్నియేండ్ల తరువాత చొరబడినది. దానిని తొలగించు బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టిన మోరిల్ బెలాంజే అను సభ్యుడు, మాటలాడుశక్తిని హరించిన వ్యాధితో పోరాడుచు, దిగువసభలో అది నెగ్గుటను 2016 జూన్‌లో కన్నులార చూచి ఆగస్టులో మరణించెను. 2018లో అది చట్టమయ్యెను. మనము అనాదియని నమ్ముచున్న పాఠము ఒక్కొక్కప్పుడు నడుమ వచ్చినదే యని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

ఈ సంస్కరణలనన్నిటిని పరిశీలించినచో రెండు పద్ధతులు కానవచ్చుచున్నవి: లింగమును సూచించు పదమును తొలగించి అందరికిని వర్తించు మాటను పెట్టుట ఒకటి, ఉన్నపదమును ఉంచి దాని సరసన రెండవదానిని చేర్చుట మరియొకటి. కెనడా, ప్రిన్స్‌టన్ మొదటి మార్గమునను, ఆస్ట్రియా, నోటర్ డేమ్ రెండవ మార్గమునను నడచినవి. రెండవ పద్ధతిలోను తమకు చోటు దొరకలేదని, పురుషులుగాగాని స్త్రీలుగాగాని తమ్ము తాము భావింపనివారు చెప్పుట కలదు; ఆ మాటను గూడ సానుభూతితో వినవలెను. అయినను మరియమాత పేర వెలసి, విశ్వవిద్యాలయమును తల్లిగా సంభావించు గీతములో తల్లీబిడ్డల భావమే ప్రాణము. బిడ్డలను తొలగించినచో తల్లి యను భావన నిరాధారమగును. కనుక నోటర్ డేమ్ ఎన్నుకొనిన మార్గము దాని స్వభావమునకు అనుకూలమైనదే. ఆ ప్రాంగణమునందే, చార్లెస్ ఓడొనెల్ అను గురువు వ్రాయగా జోసెఫ్ కాసాసాంటా స్వరము కూర్చిన, 1930 నాటి మాతృగీతము, పుత్రులని విడదీయక తల్లినే నేరుగ సంబోధించుటచేత, స్త్రీలు వచ్చిన పిమ్మట ఒక్క అక్షరమైనను మార్చుకొననక్కరలేక పోయినది.

చివరగ, సంస్కరణవాదులకును చెప్పవలసిన హితవు కలదు. గీతములో మాట చేరుటతో పని ముగిసినదని తృప్తిపడుట ప్రమాదకరము. నోటర్ డేమ్ అధ్యక్షపదవి నేటికిని పవిత్ర సిలువ సభకు చెందిన గురువునకే పరిమితమై యున్నది గనుక, గీతములో కీర్తింపబడిన కుమార్తెలలో ఎవ్వరును ఆ పీఠమును అధిష్ఠింపజాలరు. ఆ 2022 సంవత్సరముననే, యేసుసభవారు నడపుచుండిన న్యూయార్కులోని ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయమునకు టానియా టెట్‌లో అను స్త్రీ అధ్యక్షురాలయ్యెను. ఏది మేలని తీర్పు చెప్పుట ఈ వ్యాసపరిధిలోనిది కాదు; కాని పాటలోని గౌరవము పాలనలోని గౌరవమునకు ప్రత్యామ్నాయము కాదని మాత్రము ఎల్లవారును గుర్తింపవలెను.

ఈ విచారణయొక్క ఫలితార్థమిది. దైవదత్తమని విశ్వసింపబడు పాఠమును, ఏకాకియైన కవి కావ్యమును ముట్టరాదు. సమాజము తన నోట తాను పలుకు ప్రతిజ్ఞాగీతమును మాత్రము, ఆ సమాజముయొక్క సత్యస్వరూపమునకు అనుగుణముగ, స్వరము చెడకుండ, మూలమును భద్రపరచి, మిక్కిలి తక్కువ మార్పుతో సవరించుట ధర్మము. నోటర్ డేమ్ చేసిన సవరణ ఈ నియమములనన్నిటిని పాటించినది గనుక అది న్యాయమైనది. ఏబదియేండ్లు ఆలస్యము చేయుట మాత్రము న్యాయము కాదు. మన తెలుగుదేశములోని విద్యాలయములకును తమ తమ ప్రార్థనాగీతములు, ప్రతిజ్ఞలు కలవు. మన కుమార్తెలు నిత్యము వానిని పాడుచునే యున్నారు. ఆయా విద్యాలయముల పెద్దలు ఆ పాఠములను ఒక్కసారి శ్రద్ధతో చదివి, పాడువారందరును అందులో ఉన్నారో లేరో విచారింతురుగాక. లేనిచో సవరించుటకు స్వర్ణోత్సవము వచ్చువరకు వేచియుండవలదని మనవి.